యానాంలో కూర్చుని మారిషస్ బ్రోచర్ చదివితే

తెలుగులో ఇవాళ ఎక్కువమంది చదివే యాత్రాసాహిత్యం ఏది అని అడిగితే, తెలిసినవాళ్లు ఏవో పుస్తకాల పేర్లు చెబుతారు. నా లెక్క వేరు. ట్రావెల్ ఏజెంట్లు పంచే నాలుగు పేజీల రంగుల బ్రోచర్‌ని మించి మనవాళ్లు శ్రద్ధగా చదివే యాత్రారచన లేదు. దాన్ని ఇంటిల్లిపాదీ చదువుతారు. కొన్ని వాక్యాల కింద గీతలు గీస్తారు. చివరికి దాన్ని నమ్మి, ఫిక్సెడ్ డిపాజిట్ గడువుకి ముందే తీసేసి మరీ, లక్షలు ఖర్చుపెడతారు. ఒక కవితని నమ్మి అంత ఖర్చుపెట్టిన మనిషిని నా సర్వీసులో నేను చూడలేదు. ఇంత పలుకుబడి ఉన్న రచనని విమర్శకులు ఎవరూ ముట్టుకోరేమిటని, బి.కాం. చదువుతో సరిపెట్టుకున్న నేను ఈ పనికి పూనుకుంటున్నాను.

నా ముందున్నది మారిషస్ బ్రోచర్. అయిదు రాత్రులు, ఆరు పగళ్లు. మా పెద్దమ్మాయి, అల్లుడు, మనవడు, మేమిద్దరం కలిసి వెళ్దామని దీన్ని ఇంట్లో పెట్టుకుని చదువుతున్నాం. తెలుగులోనే అచ్చువేశారు, అందుకు ఆ ఏజెంటుని మెచ్చుకోవాలి. మనలాగా రాష్ట్రం బయట ఉన్న తెలుగువాళ్లకి కరెంటు బిల్లు కూడా ఏ భాషలో వస్తుందో అని ఎదురుచూడటం అలవాటు కదా. కాని తెలుగు అక్షరాల్లో ఉన్నంత మాత్రాన అది తెలుగు రచన అయిపోదు. "పచ్చదనం" అన్న మాట నాలుగు పేజీల్లో పదకొండుసార్లు వచ్చింది. "స్వర్గం" ఏడుసార్లు. మనిషి అన్న మాట ఒక్కసారీ రాలేదు. ఫొటోల్లో మనుషులున్నారు, అందరూ వెళ్లినవాళ్లే. అక్కడ ఉండేవాళ్లు లేరు. ఒక చేతిలో పళ్లెం మాత్రం కనిపిస్తుంది; ఆ చేతికి ముఖం లేదు.

ఈ స్వర్గం సంగతి ముందు తేల్చుకుందాం. మారిషస్‌ని చూసి దేవుడు స్వర్గాన్ని తయారుచేశాడని మార్క్ ట్వేన్ అన్నట్టు మా బ్రోచర్‌లోనే కాదు, చాలా బ్రోచర్లలో ఉంటుంది. ట్వేన్ 1896లో అక్కడికి వెళ్లిన మాట నిజం. 1897లో వచ్చిన 'ఫాలోయింగ్ ది ఈక్వేటర్' అనే పుస్తకంలో ఆ ముచ్చట ఉన్నదీ నిజమే. అయితే ఆయన దాన్ని తన అభిప్రాయంగా చెప్పలేదు. ఆ ఊరివాళ్ల మాటలు వింటే అలా అనిపిస్తుందని చెప్పి, ఆ వెంటనే అది ఎక్కువచేసి చెప్పడమేనన్న ఇంకో ఊరివాడి మాట కూడా పెట్టి, పోర్ట్ లూయీలో ఉండటానికి ఎవరూ ఇష్టపడరనీ, క్యూర్‌పిప్‌లో వాన విడవదనీ ఆ రెండోవాడి నోట చెప్పించాడు. హాస్యరచయిత వేళాకోళంలో సగం తెంపి, మిగతా సగాన్ని సర్టిఫికెట్‌గా వాడుకున్నారన్నమాట. చెక్కులో అంకెలు ఉంచి అక్షరాలు కొట్టేస్తే మేం దాన్ని పాస్ చెయ్యం. సాహిత్యంలో అలాంటివి నూరేళ్లకి పైగా పాస్ అవుతూనే ఉన్నాయి.

ఇక పచ్చదనం. మారిషస్ పచ్చగా ఉంటుందన్నదాంట్లో అబద్ధం లేదు. కాని ఆ పచ్చ ఏమిటి? ఆ దీవికి తనదైన అడవి ఉండేది. డచ్చివాళ్లు 1598లో దిగి, తమ యువరాజు పేరు పెట్టి, నల్లమద్ది లాంటి ఎబొనీ చెట్లు కొట్టుకుపోయారు. డోడో పక్షి వాళ్ల కాలంలోనే అంతరించింది. ఇప్పుడు చెడకుండా మిగిలిన స్వదేశీ అడవి నూటికి రెండు పాళ్లు కూడా లేదంటారు. మిగతా పచ్చలో పెద్ద భాగం చెరుకు. చెరుకు జావా నుంచి వచ్చింది. బ్రోచర్ మూడో పేజీలో పాంప్లెమూస్ తోటలో పళ్లెమంత ఆకుల తామర ఉంది, అది దక్షిణ అమెరికాది. అదే తోటలోని జాజికాయ, లవంగం మొక్కల్ని 1770 ప్రాంతంలో పియేర్ పువావ్ర్ అనే ఫ్రెంచి అధికారి డచ్చివాళ్ల కళ్లుగప్పి మొలుక్కా దీవుల నుంచి తెప్పించాడు. ఇక కవరు మీద సముద్రపు ఒడ్డున గాలికి ఊగుతున్న సన్నాకుల చెట్లున్నాయి చూశారా, వాటిని అక్కడ ఫిలావో అంటారు. మా ఆవిడ ఫొటో చూడగానే, "ఇవి మన సరుగుడు చెట్లే కదండీ" అంది. అవే. అవీ బయటినుంచి తెచ్చి నాటినవే. కొబ్బరిచెట్టు కింద ఉయ్యాల ఫొటోకి మాత్రం నేను డబ్బు కట్టను. గౌతమి దాటితే కోనసీమ, అక్కడ ఆ దృశ్యం ఉచితం.

ఆ దీవిలో చెరుకు, జాజికాయ, సరుగుడు ఎలా బయటినుంచి వచ్చాయో, వాటి మధ్య పనిచేసిన మనిషీ అలాగే వచ్చాడు. బ్రోచర్ మొక్కల్ని చూపించి మనిషిని వదిలేసింది. నా అభ్యంతరమంతా ఇక్కడే. ఎందుకంటే ఆ మనుషుల్లో కొందరు మన ఊరివాళ్లు.

ఇక్కడొక చిన్న సంగతి. పువావ్ర్‌కి పియేర్ సొన్నెరా అనే బంధువు ఉండేవాడు. కుర్రతనంలో మారిషస్ చేరి (అప్పటికి దాని పేరు ఇల్ ద ఫ్రాన్స్, అంటే ఫ్రాన్స్ దీవి), మొక్కలూ పక్షులూ బొమ్మలు గీసుకుంటూ తిరిగి, 1782లో తూర్పు ఇండియా, చైనా యాత్రల మీద పేరున్న పుస్తకం అచ్చువేశాడు. ఆ సొన్నెరా తర్వాత 1790ల మొదట్లో ఇక్కడ, మన యానాంలో, ఫ్రెంచి అధికారిగా ఉన్నాడు. పచ్చని దీవినీ మన గోదావరి ఒడ్డునీ రెంటినీ చూసిన యాత్రారచయిత ఒకడు రెండు వందల ఏళ్ల కిందటే ఉన్నాడన్నమాట. ఆయన వెళ్లిన దారి ఇటు. మనవాళ్లు వెళ్లిన దారి అటు.

1828లో 'తుర్క్వాజ్' అనే ఓడ యానాం నుంచి పదిహేనుమంది కూలీలను ఎక్కించుకుని బూర్బోఁ దీవికి వెళ్లింది. బూర్బోఁ అంటే ఇప్పటి రీయూనియన్, మారిషస్‌కి పక్కదీవి. ఫ్రెంచి కాగితాల్లో వాళ్లని "తెలింగా"లని రాశారు. బానిసత్వం ఇంకా రద్దు కాలేదు. మారిషస్‌లో 1835లో, రీయూనియన్‌లో 1848 డిసెంబరు 20న గాని పోలేదు. బానిసకి బదులు ఒప్పందం మీద కూలీని తెస్తే గిట్టుబాటవుతుందా అని చూడటానికి జరిగిన తొలి ప్రయోగాల్లో అదొకటి, అది మనవాళ్ల మీద జరిగింది. మారిషస్‌కి ఒప్పంద కూలీల పెద్ద వరస 1834 నవంబరు 2న 'అట్లాస్' ఓడతో మొదలైందని చెప్పుకుంటారు, అందులో వచ్చింది ముప్ఫయ్యారుమంది. యానాం వాళ్లు అంతకు ఆరేళ్ల ముందే వెళ్లారు. ఆ తర్వాత ఒక్క మారిషస్‌కే నాలుగున్నర లక్షలమందికి పైగా చేరారు. పక్కనున్న కోరంగి నుంచి సముద్రం దాటి పోయినవాళ్లు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాడికి "కోరంగి" అనేదే పేరైపోయింది.

ఆ పదిహేనుమందీ యాత్రాచరిత్ర రాయలేదు. రాత రానివాళ్లు. వాళ్ల తరఫున మిగిలిన రచన ఏదంటే ఒప్పందపత్రమే. అందుకే ఈ బ్రోచర్‌ని నేను వేరే బ్రోచర్‌తో కాక, ఆ పత్రంతో పోల్చి చదువుతాను. అప్పుపత్రాలు చదివి చదివి అరిగిన కళ్లు ఇవి, ఈ ఒక్క విషయంలో సాహిత్యం చదివినవాళ్లకంటే నాకే కాస్త వీలు.

మారిషస్ తొలి ఒప్పందాల్లో మగ కూలీకి నెలకి అయిదు రూపాయలు, తిండిగింజలు, బట్ట. గడువు అయిదేళ్లు. ఆరునెలల జీతం ముందే అడ్వాన్సు, అంటే ముప్ఫయి రూపాయలు. పల్లెలో ఒక ఇంటివాళ్ల ఎదుట ముప్ఫయి వెండి రూపాయలు ఒక్కసారి పోస్తే దాని చప్పుడెలా ఉంటుందో ఊహించుకోండి. మా బ్రోచర్‌లో "ఎర్లీ బర్డ్ డిస్కౌంట్" అన్నది ఆ చప్పుడుకి మనవడు. తిరుగు ప్రయాణానికని నెలకి ఒక రూపాయి పట్టుకునేవారు. పైకి చూస్తే రికరింగ్ డిపాజిట్, కాని అది కట్టేవాడి చేతిలో లేదు. ఆ శతాబ్దం నడిమికి వచ్చేసరికి "డబుల్ కట్" అన్నది పుట్టింది. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. నెలకి అయిదు రూపాయలంటే రోజుకి రెండు అణాల పైచిలుకు. జ్వరంతో ఒకరోజు పడుకుంటే అయిదు అణాల పైచిలుకు పోతుంది. నెలలో పదిహేను రోజులు మంచం పడితే ముప్ఫయి రోజుల జీతం పోయి, మిగిలిన పదిహేను రోజులు చేసిన పని పుణ్యానికి పోతుంది. ఇలాంటి వడ్డీ లెక్క మా శాఖలో ఎవరైనా వేస్తే మర్నాడు ఆడిట్‌లో పట్టుకుంటారు.

ఇక మన బ్రోచర్ చివరి పేజీలో, చీమతలకాయంత అక్షరాల్లో షరతులున్నాయి. ఎన్ని రోజుల ముందు మానుకుంటే ఎంత పోతుందో, వాతావరణం బాగోకపోతే ఎవరిది బాధ్యత కాదో. రెంటినీ ఒకే గాట కట్టడం అన్యాయమే. మనం డబ్బిచ్చి వెళ్తున్నాం, వాళ్లు డబ్బు పుచ్చుకుని వెళ్లారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు రాగలం. కాని రెండు పత్రాల్లోనూ శైలి ఒక్కటే. ఆశ పెద్ద అక్షరాల్లో, షరతు చిన్న అక్షరాల్లో. ఈ శైలికి వయసు రెండు వందల ఏళ్లని తెలిశాక దాన్ని ఊరికే చదవలేం.

ఈ సందర్భంలో ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'ని తలుచుకోకుండా ఉండలేను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ చేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. 1838లో అచ్చయింది. తుర్క్వాజ్ ఓడ వెళ్లిన రెండేళ్లకే అన్నమాట. ఆయన పుస్తకంలో స్వర్గాలు తక్కువ. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఏ బాట గులకరాళ్లు, బియ్యం దొరుకుతాయా లేదా, ఎక్కడ దిగాలి, ఏ ఊళ్లో ఎవరెవరు ఉంటున్నారు, ఇదీ ఆయన ధోరణి. సెలవులకి వెళ్లేవాడికి కావలసింది సరిగ్గా ఇదే. ఆ ధోరణిలో మారిషస్ గురించి రాస్తే నాలుగు ముక్కల్లో తేలిపోతుంది. మనకి తుఫాన్లు నవంబరులో, వాళ్లకి జనవరి నుంచి మార్చి దాకా. సంక్రాంతి సెలవుల్లో వెళ్లడం తెలివి కాదు. మన మే నెల వాళ్లకి చలికాలం మొదలు. భారతీయులకి వీసా అక్కడ దిగాక ఇస్తారు. 2024 ఫిబ్రవరి నుంచి మన యు.పి.ఐ. కూడా అక్కడ మొదలైంది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. పక్కనున్న రీయూనియన్ మాత్రం 1946 నుంచి ఫ్రాన్స్‌లో ఒక జిల్లా, దానికి వీసా తంతు వేరు. యానాంలో ఒకే వీధిలో, 1962లో ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్న ఇంటివాళ్లు ఆ దీవికి నేరుగా వెళ్లొస్తారు, పక్కింటివాళ్లు వీసాకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ పదిహేనుమందికి ఈ గొడవే లేదు పాపం.

బ్రోచర్ని తిట్టి ఊరుకుంటే అన్యాయం. మన రచయితలు మాత్రం ఏం చేశారు? 1990 డిసెంబరులో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగాయి. ఆ తర్వాత పత్రికల్లో వచ్చిన యాత్రావ్యాసాలు దొరికినన్ని చదివాను. విమానం ఎక్కడం, పూలదండలు, సముద్రపు రంగు, అక్కడి తెలుగువారి ఆప్యాయత, "మనం మరిచిపోయిన సంప్రదాయాన్ని వారు కాపాడుతున్నారు" అన్న ఒక నిట్టూర్పు, తిరుగు విమానం. కాపాడటం వెనక ఏం పోగొట్టుకున్నారో అడిగిన వ్యాసం నాకు అరుదుగా కనిపించింది. అక్కడ తాతగారి ఒంటిపేరే ఇంటిపేరైపోయింది. దిగినప్పుడు గుమాస్తాకి ఏ ముక్క వినపడితే అది రాశాడు. అందుకే అక్కడ అప్పడు, అప్పన్న లాంటివి ఇంటిపేర్లు. సింహాద్రి అప్పన్న పూజ ఇప్పటికీ చేసుకుంటారు. ఏ ఊరినుంచి వచ్చామో చెప్పలేనివాళ్లు కూడా చేస్తారు. దీన్ని "సంప్రదాయ పరిరక్షణ" అనడం చాలదు. అడ్రసు చిరిగిపోయిన ఉత్తరాన్ని దాచుకోవడం అది.

కరెన్సీ నోటు మీద ఒక్క మాట, అది నా వృత్తి కాబట్టి. మారిషస్ నోటు మీద ఇంగ్లీషు, తమిళం, హిందీ ఉంటాయి. 1998లో కొత్త నోట్ల మీద తమిళాన్ని హిందీ కిందకి దించితే అక్కడి తమిళులు ఊరుకోలేదు; ఆ నోట్లు వెనక్కి తీసుకుని వరస మార్చారు. తెలుగు ఆ నోటు మీద పైనా లేదు, కిందా లేదు. మన నోటు మీద తెలుగు తమిళం తర్వాత, ఉర్దూకి ముందు ఉంటుంది. నేను వేల కట్టలు లెక్కపెట్టాను, ఆ వరస నాకు కంఠతా వచ్చు. పుదుచ్చేరి పాలనలో ఉండి తెలుగు మాట్లాడే మాకు నోటు మీద ఆ చోటు ఎంతో తెలుసు.

మా ఇంట్లో ఈ చర్చ బాగానే నడిచింది. పోర్ట్ లూయీ రేవులో అప్రవాసీ ఘాట్ ఉంది, ఓడ దిగిన కూలీలు ఎక్కిన పదహారు రాతిమెట్లు ఇంకా ఉన్నాయి, 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, అక్కడొక పూట ఉందామన్నాను. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ వలస రిజిస్టర్లు, కూలీల ఫొటోలు ఉన్నాయి, అదొక పూట అన్నాను. మా అమ్మాయి విని విని, "నాన్నా, మనం వెళ్తున్నది విహారానికా, తద్దినానికా?" అంది. ఆ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. ఉద్యోగంలో నలిగిన పిల్ల అయిదురోజులు సముద్రం చూస్తూ కూర్చుంటానంటే తప్పేముంది? ఆ కూలీలకి దొరకని తీరికే కదా అది. సముద్రం మూడు రోజులు, రేవు ఒక రోజు అని ఒప్పందానికి వచ్చాం. నా తగాదా సెలవుతో కాదు. దాన్ని అమ్మే వాక్యంతో.

ఆ వాక్యం పుట్టింది కూడా ఒక పుస్తకంలోంచే అనుకుంటాను. బెర్నార్దాన్ ద సేన్ పియేర్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1768 నుంచి 1770 దాకా ఆ దీవిలో ఉన్నాడు. 1773లో వచ్చిన యాత్రాగ్రంథంలో బానిసల్ని ఎలా హింసిస్తున్నారో చూసి రాశాడు. అదే మనిషి 1788లో 'పోల్ ఎ విర్జినీ' నవల రాశాడు. అమాయకమైన ఇద్దరు పిల్లలు, పచ్చని లోయ, ఓడ మునిగి నాయిక చావు. అందులో ఇంటి బానిసలు సంతోషంగా పనిచేస్తుంటారు. లోకం రెండో పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుంది, మొదటిది మరిచిపోయింది. రచయిత తన కళ్లతో చూసిందాన్ని తన కల్పనే మింగేసింది. ఇవాళ్టి బ్రోచర్లన్నీ ఆ నవలకి ముని మనవలు.

దానికి జవాబు అదే ఫ్రెంచి భాషలో, అప్పన్న అన్న ఇంటిపేరున్న ఆవిడ రాసింది. నతాషా అప్పన్నా 1973లో మారిషస్‌లో పుట్టింది, తెలుగు కూలీల వంశం. 2003లో వచ్చిన ఆమె మొదటి నవల పేరుకి "పూద్ర్ దోర్ రాళ్లు" అని అర్థం. పూద్ర్ దోర్ అన్నది మారిషస్‌లో నిజంగా ఉన్న ఊరు, మాటకి అర్థం బంగారు పొడి. అక్కడ రాయి ఎత్తితే బంగారం దొరుకుతుందన్న మాట నమ్మి నానా చోట్ల నుంచి బయల్దేరినవాళ్ల కథ. ఇక్కడ యానాంలో ఒక రిటైర్డ్ ఫ్రెంచి మాస్టారు చదివి వినిపిస్తూ తెలుగులో చెబుతుంటే విన్నాను. ఓడ ప్రయాణాన్ని ఆవిడ కూలీల నోట చెప్పించకుండా, వాళ్లంటే అసహ్యపడే తెల్ల డాక్టరు డైరీలో పెట్టింది. మొదట నాకు నచ్చలేదు. మనవాళ్ల బాధ వాడి చేతిలో పెట్టడమేమిటి అనుకున్నాను. వినగా వినగా లెక్క అర్థమైంది. ఆ ఓడల గురించి మిగిలిన కాగితాలన్నీ అలాంటివాళ్లు రాసినవే. ఉన్న సాక్ష్యం ఏ పాటిదో ఆ డైరీలోనే మనకి చూపిస్తోంది. 2023లో వచ్చిన పుస్తకంలో మాత్రం కల్పన వదిలి, 1872లో ఆంధ్రదేశం నుంచి వచ్చిన తన పూర్వీకుల దగ్గరికే వెళ్లింది. పేర్లకి బదులు నెంబర్లు ఇచ్చిన మనుషులు వాళ్లు. అందులో ఆవేశం తక్కువ, వెతుకులాట ఎక్కువ. నాకు ఇదే గొప్ప పుస్తకంగా తోచింది.

ఈ రెండు పుస్తకాలు తెలుగులోకి రావాలి. ఫ్రెంచి, తెలుగు రెండూ ఇళ్లలో విన్న తరం ఇంకా కొద్దిమంది మిగిలిన ఊరు మాది. ఈ పని మేం చెయ్యకపోతే హైదరాబాదువాళ్లు ఇంగ్లీషు మీదుగా చేస్తారు. మాస్టారు మొదటి నవల మొదలుపెట్టారు. పొడుగు నోటుబుక్కులో పన్నెండు పేజీలయ్యాయి. "ఆంగజే" అన్న మాట దగ్గర ఆగిపోయారు, ఒప్పందం మీద వెళ్లిన కూలీని ఫ్రెంచిలో అలా అంటారు. "ఒప్పంద కూలీ" అంటే ప్రభుత్వ జీ.వో.లా ఉందంటారు ఆయన. "గిర్మిటియా" మన మాట కాదు. నేను "పాలేరు" అన్నాను. ముందుసొమ్ము పుచ్చుకుని ఏడాదికి కుదిరినవాడు, మధ్యలో మానెయ్యలేనివాడు, అప్పు తీరనివాడు. పాలేరు రాత్రికి ఇంటికి వెళ్తాడు కదండీ, అని మాస్టారు అభ్యంతరం చెప్పారు. ఆ మాట రావలసిన చోటల్లా ప్రస్తుతానికి ఖాళీ వదిలి ముందుకి వెళ్తున్నారు. మంచి మాట తట్టిన పాఠకులు, బరంపురం వాళ్లయినా, హోసూరు వాళ్లయినా, ఖరగ్‌పూర్ వాళ్లయినా, పత్రిక చిరునామాకి ఒక కార్డు ముక్క రాస్తే మాస్టారికి అందజేస్తాను.